టెర్మినల్ సెట్టింగ్ పట్టట్లేదా? ఆ ఫైలు ఎవరు చదువుతున్నారో ముందు చూడండి

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఏ సెంటర్‌లో జావా క్లాసుకు కూర్చున్నా మొదటి వారంలోనే ఒక మాట వినిపిస్తుంది: "ఈ లైను బ్యాష్‌ఆర్‌సీలో పెట్టేసి టెర్మినల్ మూసి తెరవండి, అయిపోతుంది." చాలాసార్లు అయిపోతుంది కూడా. అవ్వని రోజే గొడవ. అదే లైన్ని ప్రొఫైల్ ఫైల్లో పెడతారు. అక్కడా పట్టకపోతే ఈటీసీ కింద ఉన్న ఎన్విరాన్‌మెంట్ ఫైల్లోకి ఎక్కిస్తారు. హాస్టల్లో పక్క బెడ్ అతను ఇంకో ఫైలు పేరు చెప్తాడు, అందులోనూ పడుతుంది. చివరికి నాలుగు చోట్ల, జావా ఎక్కడుందో చెప్పే జావా హోమ్ లైన్లు నాలుగు, వాటిలో ఏది నెగ్గుతోందో పెట్టినవాళ్లకే తెలియదు.

లైను తప్పు కావడం తక్కువ. ఆ ఫైల్ని ఎవరు, ఎప్పుడు చదువుతారో తెలియకపోవడమే ఎక్కువ. కాబట్టి మార్చడం తర్వాత, ముందు చూడటం నేర్చుకుందాం. ఉబుంటు, గ్నోమ్ డెస్క్‌టాప్, బ్యాష్ షెల్ అనుకుని రాస్తున్నాను. షెల్ అంటే టెర్మినల్లో మీరు కొట్టే కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రాము. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొని లినక్స్ ఎక్కించుకున్నవాళ్లలో ఎక్కువమందికి ఉండేది ఇదే. మింట్, డెబియన్‌లలోనూ దాదాపు ఇంతే.

కమాండ్లను ఇక్కడ ఫోన్లో చదివి వినిపించినట్టు తెలుగు లిపిలో రాశాను. మీరు కీబోర్డు మీద కొట్టేది మామూలు ఇంగ్లీషు స్పెల్లింగే. కమాండ్లు, ఆప్షన్లు, ఫైళ్ల పేర్లు చిన్నక్షరాలు. వేరియబుల్ పేర్లు పెద్దక్షరాలు. తేడా ఉన్న చోట చెప్తాను. $, /, ~, చుక్క, అండర్‌స్కోర్ లాంటి గుర్తులు కనిపించినట్టే కొట్టండి. ~ అంటే మీ హోమ్ ఫోల్డరు.

పుట్టినప్పుడు ఇచ్చిందే

లినక్స్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామునూ ఇంకో ప్రోగ్రాము పుట్టిస్తుంది. పుట్టే క్షణంలో తల్లి ప్రోగ్రాము దగ్గరున్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (పేరు=విలువ జతలుగా ఉండే సెట్టింగులు) అన్నీ నకలుగా బిడ్డ చేతికి వస్తాయి. వేరు కాపురం పెట్టిన కొడుక్కి ఆ రోజు పంచి ఇచ్చిందే వాటా. తర్వాత నాన్న కొన్న పొలం అందులోకి రాదు, కొడుకు కొన్నది నాన్న ఖాతాలోకీ పోదు. 1979లో వచ్చిన ఏడో వెర్షన్ యూనిక్స్ నుంచీ ఈ పద్ధతే నడుస్తోంది.

దీన్నిబట్టే సగం చిక్కులు విడిపోతాయి. బ్యాష్‌ఆర్‌సీ మారిస్తే అప్పటికే తెరిచి ఉన్న విండోలకు ఆ సంగతి తెలియదు. ఎక్స్‌పోర్ట్ లైన్లున్న (వేరియబుల్‌ను బిడ్డలకు అందించమని చెప్పే లైన్లు) స్క్రిప్టును నడిపితే అవి ఆ స్క్రిప్టుతోనే పోతాయి, మీ విండోలో మిగలవు. అవి మీ విండోలోకి రావాలంటే ఆ ఫైల్ని సోర్స్ చేయాలి, అంటే సోర్స్ అని కొట్టి పక్కన ఫైలు పేరు ఇవ్వాలి. ఇక డాక్ మీద ఐకాన్ నొక్కి తెరిచిన ఎడిటర్ మీ టెర్మినల్‌కు పుట్టలేదు, డెస్క్‌టాప్‌కు పుట్టింది. టెర్మినల్‌కు ఏం చెప్పినా దానికి చేరదు.

మొదట చేతులు కట్టుకుని చూడండి

సమస్య కనిపిస్తున్న విండోలోనే ఇవి కొట్టండి. వేరే విండోలో చూస్తే వేరే సమాధానం రావచ్చు.

ఎకో $0
ఎకో $షెల్

రెండూ ఒకటేలా అనిపిస్తాయి గానీ కాదు. మొదటిది ఇప్పుడు మీ ముందున్న షెల్ ఏదో చెప్తుంది. రెండోది మీ అకౌంటుకు రాసిపెట్టిన లాగిన్ షెల్‌ను మాత్రమే చెప్తుంది. మొదటి దానికి జెడ్‌షెల్ (అక్షరాల్లో జెడ్, ఎస్, హెచ్) అని వస్తే బ్యాష్‌ఆర్‌సీలో ఎన్ని లైన్లు రాసినా దండగే, అది ~/.జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ చదువుతుంది. మీది ఫిష్ షెల్ అయితే ఎక్స్‌పోర్ట్ లైన్లకు దాని వ్యాకరణమే వేరు.

తర్వాత:

షాప్ట్ లాగిన్_షెల్

ఇది ఆన్ అనో ఆఫ్ అనో చెప్తుంది. స్పెల్లింగులో ఎస్, హెచ్ తర్వాత ఓ, పీ, టీ. లాగిన్_షెల్ కూడా ఇక్కడ చిన్నక్షరాలే. గ్నోమ్ టెర్మినల్లో మామూలుగా ఆఫ్ అని వస్తుంది. ఈ ఒక్క మాట మీద కథంతా తిరుగుతుంది, కింద చూద్దాం.

ప్రింట్‌ఈఎన్‌వీ

ప్రస్తుతం ఆ విండోలో ఉన్న వేరియబుల్స్ అన్నీ వచ్చేస్తాయి. ఒక్క జావా హోమ్ చాలనుకుంటే, ప్రింట్‌ఈఎన్‌వీ తర్వాత స్పేస్ ఇచ్చి జావా_హోమ్. ఇక్కడ డాలర్ గుర్తు పెట్టకూడదు. ఎకోతో చూస్తే, ఎక్స్‌పోర్ట్ చేయకుండా షెల్లోనే ఉండిపోయిన వేరియబుల్ కూడా కనిపించి మోసం చేస్తుంది. ప్రింట్‌ఈఎన్‌వీ పిల్లలకు వెళ్లేవాటినే చూపిస్తుంది. నాకైతే ఎకో కంటే దీని మీదే నమ్మకం.

చివరిగా, ఏ కమాండు ఎక్కణ్నుంచి వస్తోందో:

టైప్ -ఎ జావా

పాత్‌లో, అంటే కమాండ్ల కోసం షెల్ వెతికే ఫోల్డర్ల జాబితాలో, ఎన్ని జావాలుంటే అన్నీ వరసగా వస్తాయి. మొదటిదే నడిచేది. విచ్ అనే కమాండు కంటే ఇది నయం. ఏలియాస్‌లు (కమాండ్లకు పెట్టుకున్న మారుపేర్లు), షెల్ ఫంక్షన్లు కూడా చెప్తుంది.

ఏ ఫైలు ఎవరి వంతు

1989లో వచ్చిన బ్యాష్‌కు రెండు రకాల పుట్టుకలున్నాయి. లాగిన్ షెల్‌గా (నల్ల స్క్రీన్ మీదో ఎస్‌ఎస్‌హెచ్‌తోనో లాగిన్ అయినప్పుడు) మొదలైతే ముందు /ఈటీసీ/ప్రొఫైల్ చదువుతుంది. ఆపైన మీ హోమ్‌లో ~/.బ్యాష్_ప్రొఫైల్, ~/.బ్యాష్_లాగిన్, ~/.ప్రొఫైల్ అనే మూడింటిని ఇదే వరసలో వెతికి, మొదట దొరికిన ఒక్కటే చదివి ఆగిపోతుంది. మామూలు టెర్మినల్ విండోలో లాగిన్ కాని షెల్‌గా మొదలైతే ~/.బ్యాష్‌ఆర్‌సీ చదువుతుంది. ఉబుంటు, డెబియన్లలో దానికంటే ముందు /ఈటీసీ/బ్యాష్.బ్యాష్‌ఆర్‌సీ కూడా.

"మొదట దొరికిన ఒక్కటే" అన్న దగ్గర ఒక ఉచ్చు ఉంది. ఉబుంటులో ~/.బ్యాష్_ప్రొఫైల్ మామూలుగా ఉండదు. ఏదో ఒక టూల్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది ఆ ఫైల్ని సృష్టించి తన రెండు లైన్లు పెట్టుకుంటుంది. ఆ రోజు నుంచి ~/.ప్రొఫైల్‌ను బ్యాష్ ముట్టదు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. అందుకే "నిన్నటిదాకా పనిచేసింది" అనే కేసుల్లో ముందు ఎల్‌ఎస్ -ఎ ~ కొట్టి ఆ పేరుతో ఫైలు కొత్తగా పుట్టిందేమో చూడండి. పుట్టి ఉంటే అందులోని లైన్లను ~/.ప్రొఫైల్‌కు మార్చి దాన్ని తీసేయండి.

ఉబుంటు ఇచ్చే ~/.ప్రొఫైల్‌ను ఒకసారి తెరిచి చదవండి, చిన్న ఫైలే. చివర్లో రెండు షరతులు కనిపిస్తాయి: హోమ్‌లో బిన్ అనే ఫోల్డరు ఉంటే పాత్‌లో చేర్చు, .లోకల్/బిన్ ఉంటే చేర్చు. ఈ "ఉంటే" అన్నది లాగిన్ అయ్యే క్షణానికి వర్తించే మాట. కొత్త మెషీన్లో మీరు మొదటిసారి పిప్ఎక్స్‌తో ఏదో ప్రోగ్రాము వేశారు, అప్పుడే ~/.లోకల్/బిన్ పుట్టింది. పొద్దున లాగిన్ అయినప్పుడు అది లేదు కాబట్టి పాత్‌లోకి రాలేదు. ప్రోగ్రాము ఉంది, పేరు కొడితే "కమాండ్ నాట్ ఫౌండ్". ఇక్కడ జనం బ్యాష్‌ఆర్‌సీలో లైన్లు రాయడం మొదలుపెడతారు. ఏమీ రాయక్కర్లేదు, లాగౌట్ అయి లాగిన్ అవ్వండి చాలు.

బ్యాష్‌ఆర్‌సీలో కూడా మొదట్లోనే ఒక చిన్న కాపలా ఉంటుంది: కీబోర్డు ముందు మనిషి లేని షెల్ అయితే ఇక్కడి నుంచే వెనక్కి వెళ్లిపో అని. అందుకే దాని కింద రాసిన ఎక్స్‌పోర్ట్‌లు క్రాన్ జాబ్‌కు (పెట్టిన టైముకు తానే నడిచే పనికి) అందవు. క్రాన్‌కు పాత్ కూడా /యూఎస్‌ఆర్/బిన్, /బిన్ అనే రెండింటితోనే సరిపెడతారు. క్రాన్ స్క్రిప్టుల్లో పూర్తి దారి రాయడమే మంచిది.

మరి ఏది ఎక్కడ రాయాలి? నా లెక్క ఇది. ఏలియాస్‌లు, ప్రాంప్ట్ రంగులు, టెర్మినల్ ముందు కూర్చున్నప్పుడే పనికొచ్చేవి బ్యాష్‌ఆర్‌సీలో. జావా హోమ్, పాత్ లాంటివి ~/.ప్రొఫైల్‌లో. /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్ జోలికి పోకండి. అది స్క్రిప్టు కాదు: ఎక్స్‌పోర్ట్ అన్న మాట అక్కర్లేదు, $పాత్ అని రాస్తే విప్పి చూడదు, ఆ అక్షరాలే పాత్‌లోకి వెళ్తాయి. అందులో పాత్ చెడితే పాస్‌వర్డ్ కొట్టగానే డెస్క్‌టాప్ రాకుండా మళ్లీ లాగిన్ స్క్రీనే వస్తుంది. అప్పటికే ఆ గుంటలో పడి ఉంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్ల స్క్రీన్ మీద లాగిన్ అయి, కమాండ్లకు పూర్తి దారి ఇచ్చి ఫైలు తెరవండి:

/యూఎస్‌ఆర్/బిన్/సుడో /యూఎస్‌ఆర్/బిన్/నానో /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్

సరిచేసి రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ తిరిగొస్తుంది.

పాత్ పోతే

పాత్ పాడైన విండోలో ఎల్‌ఎస్ కూడా పలకదు. టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కకండి. సీడీ, ఎకో, ఎక్స్‌పోర్ట్ షెల్‌లోపలే ఉండే కమాండ్లు, వాటికి పాత్‌తో పనిలేదు. కాబట్టి ఇది కొట్టొచ్చు:

ఎక్స్‌పోర్ట్ పాత్=/యూఎస్‌ఆర్/లోకల్/బిన్:/యూఎస్‌ఆర్/బిన్:/బిన్:/యూఎస్‌ఆర్/ఎస్‌బిన్:/ఎస్‌బిన్

ఆ విండోకు ప్రాణం వస్తుంది. ఇప్పుడు ఫైలు తెరిచి దోషం వెతకండి. దోషం దాదాపు ఎప్పుడూ ఒకటే: పాత్=/ఆప్ట్/ఏదో/బిన్ అని రాసి, వెనక :$పాత్ చేర్చడం మరిచిపోవడం.

మిగతా దోషాల్లో నాలుగు తరచూ కనిపిస్తాయి. ఈక్వల్ గుర్తుకు అటూ ఇటూ స్పేస్ పెట్టడం ఒకటి. జావా_హోమ్ తర్వాత స్పేస్ ఉంటే బ్యాష్ దాన్ని కమాండు అనుకుని "జావా_హోమ్: కమాండ్ నాట్ ఫౌండ్" అంటుంది. రెండోది, వర్డ్ ఫైల్లోంచి కాపీ చేసిన వంకర కొటేషన్లు. కంటికి అందంగా ఉంటాయి, బ్యాష్‌కు అవి కొటేషన్లే కావు. మూడోది విండోస్‌లో సేవ్ చేసిన ఫైలు. క్లాసులో ఎవరో వాట్సాప్‌లో పంపిన బ్యాష్‌ఆర్‌సీని తెచ్చి పెట్టుకుంటే, ప్రతి లైను చివరా కంటికి కనపడని ఇంకో అక్షరం ఉంటుంది. టెర్మినల్ తెరవగానే డాలర్, కొటేషన్, బ్యాక్‌స్లాష్, ఆర్ కలిసి ఉన్న ఎర్రర్ వస్తే ఇదే. డాస్2యూనిక్స్ అనే చిన్న ప్రోగ్రాము వేసి ఆ ఫైలు మీద నడిపితే పోతుంది. నాలుగోది, సోర్స్ చేయడం అలవాటై రోజంతా అదే విండోలో సోర్స్ చేస్తూ పోతే ఒకే ఫోల్డరు పాత్‌లో పదిసార్లు చేరడం. హాని లేదు, చూడటానికి చిరాకు. కొత్త విండో తెరిస్తే శుభ్రం.

అమీర్‌పేట బ్యాచ్‌ల నుంచి వచ్చే ఫోన్లలో ఇదొకటి మామూలు: "అన్నా, జావా 17 వేశా, జావా వెర్షన్ కొడితే 17 అంటోంది, మేవెన్ మాత్రం 11 అంటోంది." రెండూ నిజమే చెప్తున్నాయి. జావా అనే కమాండు పాత్ ద్వారా దొరుకుతుంది. ఉబుంటులో అది అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ పెట్టిన లింకు. జావా ప్రాజెక్టులను బిల్డ్ చేసే మేవెన్ ముందు జావా_హోమ్ చూస్తుంది, ఉంటే దాన్నే నమ్ముతుంది. పాత 11 కోసం ఎప్పుడో రాసిన జావా_హోమ్ లైను ఇంకా ఉందన్నమాట. అసలు జావా ఎక్కడుందో ఇలా తెలుసుకోండి:

రీడ్‌లింక్ -ఎఫ్ /యూఎస్‌ఆర్/బిన్/జావా

వచ్చిన దారిలో చివరి /బిన్/జావా తీసేసి మిగిలింది జావా_హోమ్‌గా పెట్టండి. బిన్ దాకా పెట్టేవాళ్లు చాలామంది, అదీ తప్పే.

ఒక కమాండును ఒక ఫోల్డరు నుంచి ఇంకో ఫోల్డరుకు మార్చాక కూడా బ్యాష్ పాత దారికే పరిగెడితే, హ్యాష్ -ఆర్ కొట్టండి. ఒకసారి దొరికిన దారిని అది గుర్తుపెట్టుకుంటుంది, ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది.

కమాండును అడ్మిన్ హక్కులతో నడిపే సుడో దగ్గర ఇంకో తేడా. మీకు కనిపించే కమాండు సుడో పెడితే కనిపించదు. సుడో మీ ఎన్విరాన్‌మెంట్‌ను చాలావరకు తుడిచేసి, తన సెట్టింగుల్లో రాసి ఉన్న పాత్‌నే వాడుతుంది. ఇది భద్రత కోసం కావాలని పెట్టిందే, దాన్ని తీసేయాలని చూడకండి. ఆ కమాండు పూర్తి దారి రాసి నడపండి.

ఐకాన్ నుంచి తెరిస్తే పట్టని సెట్టింగ్

టెర్మినల్లో అంతా బాగుంది, మెనూలోంచి తెరిచిన ఐడీఈకి (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్‌కు) మాత్రం వేరియబుల్ తెలియదు. కారణం పైన చెప్పిందే: దాని తల్లి డెస్క్‌టాప్. పరీక్ష సులువు. ఆ ఐడీఈని ఒకసారి టెర్మినల్లో పేరు కొట్టి తెరవండి. అప్పుడు పనిచేస్తే సమస్య వారసత్వానిదే, ఐడీఈది కాదు. కొన్ని ఎడిటర్లు తమంతట తామే ఒక షెల్ తెరిచి దాని వేరియబుల్స్ తెచ్చుకుంటాయి, అందువల్ల ఒక ఎడిటర్లో పట్టి ఇంకో దాంట్లో పట్టకపోవచ్చు.

విరుగుడు రెండు రకాలు. వేరియబుల్‌ను ~/.ప్రొఫైల్‌లో పెట్టి లాగౌట్ అయి రావడం ఒకటి. ~/.కాన్ఫిగ్/ఎన్విరాన్‌మెంట్.డీ అనే ఫోల్డరు చేసుకుని, అందులో .కాన్ఫ్ అని ముగిసే ఫైల్లో పేరు=విలువ అని రాయడం ఇంకొకటి. ఇక్కడ ఎక్స్‌పోర్ట్ అనే మాట ఉండకూడదు. దీన్ని సిస్టమ్‌డీ చదువుతుంది, షెల్ బ్యాష్ అయినా జెడ్‌షెల్ అయినా సంబంధం లేదు. షెల్ మార్చే అలవాటున్నవాళ్లకు నేను ఈ రెండోదే చెప్తాను.

భాష సెట్టింగులు, టెర్మినలే తెరుచుకోకపోవడం

టెర్మినల్ ఐకాన్ నొక్కుతారు, చక్రం తిరుగుతుంది, ఏమీ రాదు. గ్నోమ్ టెర్మినల్ విషయంలో ముందు అనుమానించాల్సింది లొకేల్‌నే, అంటే భాష, తేదీ, అంకెల పద్ధతి చెప్పే సెట్టింగునే. ఎంచుకున్న లొకేల్ సిస్టమ్‌లో తయారై లేకపోతే అది యూటీఎఫ్-8 కాని పాత పద్ధతికి పడిపోతుంది. గ్నోమ్ టెర్మినల్ దాన్ని ఒప్పుకోక 8 అనే స్టేటస్‌తో బయటికి వెళ్లిపోతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3తో నల్ల స్క్రీన్‌కు వెళ్లి లాగిన్ అయి, ఇవి చూడండి:

లొకేల్
లొకేల్ -ఎ

మొదటిది మీరు ఏం అడుగుతున్నారో చెప్తుంది, రెండోది సిస్టమ్ దగ్గర ఏమున్నాయో. అడిగింది రెండో జాబితాలో లేకపోతే:

సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ లొకేల్స్

పొడవాటి జాబితా వస్తుంది. అందులో ఇండియా ఇంగ్లీషు, అమెరికా ఇంగ్లీషు యూటీఎఫ్-8, కావాలంటే తెలుగు, వీటికి స్పేస్‌బార్‌తో గుర్తు పెట్టి, తర్వాతి స్క్రీన్లో డిఫాల్ట్‌గా ఒకటి ఎంచుకోండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 లేదా ఎఫ్2తో వెనక్కి వచ్చి, లాగౌట్ అయి లాగిన్ అవ్వండి.

లొకేల్‌లో పెద్దరికం ఇలా ఉంటుంది: ఎల్‌సీ_ఆల్ ఉంటే దాని మాటే చెల్లుతుంది. లేకపోతే ఎల్‌సీ_టైమ్, ఎల్‌సీ_న్యూమరిక్ లాంటి విడి వేరియబుల్స్. అవీ లేకపోతే లాంగ్. మెసేజ్‌ల భాషకు లాంగ్వేజ్ అని ఇంకోటి వేరే ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో సగం "ఎల్‌సీ_ఆల్‌ను బ్యాష్‌ఆర్‌సీలో పెట్టేయండి" అంటాయి. పెట్టకండి. అది మిగతావాటన్నిటి నోరు నొక్కేస్తుంది. రేపు సెట్టింగ్స్‌లో తేదీ ఫార్మాట్ మార్చినా టెర్మినల్లో మారదు, ఎందుకో గుర్తుండదు. ఒక్క కమాండుకు కావాలంటే దాని ముందు రాస్తే సరిపోతుంది:

ఎల్‌సీ_ఆల్=సీ డేట్

ఈ "సీ" కూడా పెద్దక్షరమే. ఇది ఎందుకు పనికొస్తుందంటే, లొకేల్ తెలుగులో పెట్టుకుంటే డేట్ కమాండు నెలల పేర్లు తెలుగులోనే చూపిస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ నెల పేరును ఇంగ్లీషులో ఆశించే పాత బ్యాకప్ స్క్రిప్టు ఒకటి ఉంటే అది చతికిలపడుతుంది. స్క్రిప్టుల్లో డేట్, సార్ట్ లాంటివాటి ముందు ఇది రాసే అలవాటు చేసుకోండి.

తెలుగు లొకేల్ పెట్టుకున్నవాళ్లకు ఇంకో అనుభవం ఎదురవుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో ఆఫీసు సర్వర్‌లోకి వెళ్లగానే "పెర్ల్: వార్నింగ్: సెట్టింగ్ లొకేల్ ఫెయిల్డ్" అంటూ చాంతాడంత హెచ్చరిక. ఉబుంటు ఎస్‌ఎస్‌హెచ్ మీ భాష వేరియబుల్స్‌ను మీతోపాటు సర్వర్‌కు పంపిస్తుంది. అక్కడ తెలుగు లొకేల్ తయారై లేదు, అంతే. సర్వర్ మీద హక్కు లేకపోతే మీ వైపు /ఈటీసీ/ఎస్‌ఎస్‌హెచ్/ఎస్‌ఎస్‌హెచ్_కాన్ఫిగ్‌లో సెండ్‌ఈఎన్‌వీ అన్న లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టండి. హెచ్చరిక ఆగిపోతుంది.

ఇక తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తే అది ఫాంటు లోపం, నోటో ఫాంట్ల ప్యాకేజీ వేస్తే పోతుంది. ఒత్తులు విడిపోయి కనిపిస్తే మాత్రం ఏ వేరియబుల్ మార్చినా లాభం లేదు. టెర్మినల్ ఇప్పటికీ గళ్ల కాగితమే. 1978 నాటి వీటీ100 ఎలా లైనుకు 80 గళ్లు గీసుకుందో దాని వారసులూ అలాగే అక్షరానికో గడి లెక్కేసుకుంటాయి. "స్త్రీ" అన్న మాటలో కంప్యూటర్‌కు ఆరు కోడ్‌లున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆరూ కలిసి ఒకే బొమ్మ కావాలి, అది ఏ గడిలో ఎంత వెడల్పు పట్టాలో చాలా టెర్మినళ్లు తేల్చుకోలేవు. అదే ఫైల్ని టెక్స్ట్ ఎడిటర్లో తెరవండి. అక్కడ స్త్రీ స్త్రీలాగే ఉంటే ఫైలు క్షేమం. మిగిలింది టెర్మినల్ చేతకానితనం, మీ సెట్టింగుల మీద కోపం తెచ్చుకోకండి.

స్క్రీన్ బిగుసుకుపోతే, రంగులు పోతే

కీ నొక్కినా కదలిక లేదంటే కంట్రోల్, క్యూ నొక్కి చూడండి. సేవ్ చేద్దామని అలవాటుగా కంట్రోల్, ఎస్ నొక్కి ఉంటారు; టెర్మినల్ భాషలో దానర్థం అవుట్‌పుట్ ఆపమని. ఇది మళ్లీ జరగకూడదంటే బ్యాష్‌ఆర్‌సీ చివర ఎస్‌టీటీవై -ఐఎక్స్‌ఆన్ అని రాయండి. బొమ్మ ఫైలునో జిప్ ఫైలునో క్యాట్ చేసి అక్షరాలన్నీ పిచ్చి గీతలైతే, కనపడకపోయినా రీసెట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి.

సర్వర్‌లోకి వెళ్లాక "అన్‌నోన్ టెర్మినల్ టైప్" అంటే టర్మ్ అనే వేరియబుల్ చూడండి. కిటీ లాంటి టెర్మినళ్లు తమ పేరు తామే పెట్టుకుంటాయి, పాత సర్వర్‌కు ఆ పేరు తెలియదు. ఎస్‌ఎస్‌హెచ్ కమాండు ముందు టర్మ్=ఎక్స్‌టర్మ్-256కలర్ అని రాసి వెళ్లండి; ఈక్వల్ తర్వాతది చిన్నక్షరాలు. టర్మ్‌ను బ్యాష్‌ఆర్‌సీలో శాశ్వతంగా మాత్రం రాయకండి. తానెవరో చెప్పాల్సింది టెర్మినల్, మీ ఫైలు కాదు.

కాలేజీలో పెట్టిన ప్రాక్సీ ఇంటికొచ్చినా వదలకపోతే

కాలేజీ ల్యాబులో ప్రాక్సీ (నెట్‌కు మధ్యలో ఉండే సర్వర్) పెట్టుకుని, సాయంత్రం కూకట్‌పల్లి రూముకొచ్చి మొబైల్ హాట్‌స్పాట్ పెడితే బ్రౌజర్ నడుస్తుంది, టెర్మినల్లో కర్ల్ మాత్రం వేలాడుతుంది. ఇలా చూడండి:

ఈఎన్‌వీ | గ్రెప్ -ఐ ప్రాక్సీ

ఇవి చిన్నక్షరాల్లో ఉండే వేరియబుల్స్. కర్ల్ అయితే హెచ్‌టీటీపీ_ప్రాక్సీని చిన్నక్షరాల్లో ఉంటేనే ఒప్పుకుంటుంది, పెద్దక్షరాల్లో రాసి "పట్టట్లేదు" అనుకునేవాళ్లు ఉన్నారు. తీసేయాలంటే అన్‌సెట్ తర్వాత పేరు.

ఏ ఫైల్లోనూ ప్రాక్సీ లైను లేదు, అయినా కొత్త విండో తెరిస్తే మళ్లీ వస్తోందా? డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద ప్రాక్సీ చూడండి. అక్కడ పెట్టినదాన్ని గ్నోమ్ టెర్మినల్ తానే తీసుకుని ప్రతి విండోలోనూ వేరియబుల్‌గా పెడుతుంది. గిట్, ఆప్ట్ వాటి ప్రాక్సీలు వేరేగా దాచుకుంటాయి: గిట్‌ది గిట్ కాన్ఫిగ్‌లో, ఆప్ట్‌ది /ఈటీసీ/ఆప్ట్/ఆప్ట్.కాన్ఫ్.డీ ఫోల్డర్లో. వాటిని అన్‌సెట్ ముట్టుకోదు.

ఇంకా తేలకపోతే

ఎవరు రాశారో వెతకండి:

గ్రెప్ -ఎన్ జావా_హోమ్ ~/.బ్యాష్‌ఆర్‌సీ ~/.ప్రొఫైల్ ~/.బ్యాష్_ప్రొఫైల్ /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్ /ఈటీసీ/ప్రొఫైల్ /ఈటీసీ/ప్రొఫైల్.డీ/*

లేని ఫైలు గురించి చిన్న ఎర్రర్ వస్తుంది, పట్టించుకోకండి. ఇంతకీ దొరక్కపోతే, షెల్ మొదలయ్యేటప్పుడు నడిపే ప్రతి లైన్నీ బయటికి చెప్పించవచ్చు:

బ్యాష్ -ఎల్ఐఎక్స్‌సీ ట్రూ 2>&1 | గ్రెప్ జావా_హోమ్

ఎన్నిసార్లు ఏ విలువ పెడుతున్నారో వరసగా వస్తుంది. చివర వచ్చినదే నెగ్గింది. అన్నీ తీసేసి ఒక్కటి ఉంచండి.

బ్యాష్‌ఆర్‌సీ చదవకుండా షెల్ ఎలా ఉంటుందో చూడాలంటే బ్యాష్ --నోఆర్‌సీ కొట్టండి. ఏలియాస్ లాంటి తేడా అక్కడ పోతే దోషం బ్యాష్‌ఆర్‌సీది. ఎక్స్‌పోర్ట్ చేసిన వేరియబుల్ మాత్రం ఆ విండో నుంచే నకలుగా వస్తుంది కాబట్టి దాని సంగతి దీంతో తేలదు.

బ్యాష్‌ఆర్‌సీలో ఎగ్జిట్ అన్న మాట పొరపాటున పడితే టెర్మినల్ తెరుచుకున్న వెంటనే మూసుకుపోతుంది. నల్ల స్క్రీన్‌లోనూ అంతే, ఎందుకంటే ~/.ప్రొఫైల్ కూడా బ్యాష్‌ఆర్‌సీని పిలుస్తుంది. అప్పుడు టెర్మినల్‌ను వదిలేసి ఫైల్స్ తెరవండి, కంట్రోల్, హెచ్ నొక్కితే చుక్కతో మొదలయ్యే ఫైళ్లు కనిపిస్తాయి, మౌస్‌తోనే టెక్స్ట్ ఎడిటర్లో తెరిచి ఆ లైను తీసేయండి. ఏ లైనో తేలకపోతే ఆ ఫైలు పేరు మార్చి పక్కన పెట్టి, ఉబుంటు మొదట ఇచ్చిన నకలు తెచ్చుకోండి. అది /ఈటీసీ/స్కెల్ ఫోల్డర్లో ఎప్పుడూ ఉంటుంది:

సీపీ /ఈటీసీ/స్కెల్/.బ్యాష్‌ఆర్‌సీ ~/

ఆ తర్వాత పాత ఫైల్లోని మీ లైన్లను ఒక్కొక్కటే కొత్తదాంట్లోకి చేర్చండి. ప్రతి లైనుకూ కొత్త విండో తెరిచి చూడండి, పాత విండోను మాత్రం పని తేలేదాకా మూయకండి.